వ్యాకుల మాతకు ముఖం

మొన్న ఆఫీసులో ఉండగా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. అంకుల్ పోయారట. క్రైస్ట్‌చర్చ్‌లో కూతురి ఇంట్లో, నిద్రలోనే. దాని కింద వరుసగా దండాల బొమ్మలు. ఒకాయన పొరపాటున కేకు బొమ్మ పెట్టి, గబగబా తీసేసి, మళ్ళీ దండం పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషిని తలుచుకోవడానికి మీ దగ్గర ఉన్నది ఇంతేనా అని అందరి మీదా అరవాలనిపించింది. ఫోను బోర్లా పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వెల్లింగ్టన్ గాలి సంగతి తెలిసిందే కదా, కింద రోడ్డు మీద ఒకామె కోటు నడుం దాకా లేచిపోతోంది. ఆమె ఓ చేత్తో దాన్ని అణచుకుంటూ, ఇంకో చేత్తో కాఫీ కప్పు కాపాడుకుంటూ నానా అవస్థా పడుతోంది. అంకుల్ పక్కనుంటే నా మోచెయ్యి పట్టి లాగి, "అమ్మాయ్, ఆ భుజం కాడ మడత చూడు" అనేవారు. అప్పుడొచ్చింది ఏడుపు.

అంకుల్ అంటే మాకు చుట్టం కాదు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో వెల్లింగ్టన్ పక్కనే ఉన్న లోవర్ హట్‌లో వాళ్ళింట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. మాది కడప, వాళ్ళది గుంటూరు వైపు పల్లె. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి, వాళ్ళింట్లో మేరీమాత. ఆంటీ మొదటి రోజే పప్పన్నం ముందు పెట్టి, "నీ దేవుణ్ణి నీ గదిలో పెట్టుకో, మా దేవుడు హాల్లో ఉంటాడు. ఇద్దరూ సర్దుకుంటార్లే" అంది. అన్నాళ్ళూ వాళ్ళు సర్దుకున్నారు కూడా.

వాళ్ళింట్లో వాషింగ్ మెషీను గరాజులో ఉండేది. చేరిన మర్నాడు బట్టల బుట్ట పట్టుకుని వెళ్ళాను. స్విచ్చి ఎక్కడుందో తెలియక గోడ తడుముతుంటే చేతికి ఒక చెయ్యి తగిలింది. చల్లగా, నున్నగా, ఐదు వేళ్ళూ ఉన్న చెయ్యి. నా పైప్రాణాలు పైనే పోయాయి. లైటు వెలిగాక ఇంకా భయమేసింది. ఎదురుగా నా అంత ఎత్తున చెక్కతో చేసిన ఒక ఆడమనిషి. నెత్తి మీంచి పాదాల దాకా జారిన ముసుగు, పెనుగాలిలో నిలబడ్డట్టు వెనక్కి ఎగిసిన కొంగు, గుండెల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకున్న చేతులు. ముఖం ఉండాల్సిన చోట మాత్రం కోడిగుడ్డంత నున్నటి చెక్క. అంతే.

నేను పెట్టిన కేకకి ఆంటీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. సంగతి చూసి, తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"దెయ్యం కాదే పిచ్చిమొహమా, మేరీమాత! మీ అంకులు చెక్కుతున్నాడు."

"మరి మొహం యాడుంది ఆంటీ?"

"అది ఆయన్నే అడుగు. నేనడిగీ అడిగీ నా నోరు పడిపోయింది."

ఆంటీ నోరు పడిపోవడం అనేది జరిగే పని కాదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా నవ్వకూడని చోటల్లా నవ్వు ఆపుకోలేని మనిషి. జపమాల చెప్పేటప్పుడు ఎవరైనా ఒక పలుకు తడబడితే చాలు, ముందు పెదాలు బిగబట్టేది, తర్వాత ఎడమ పక్క కొస ఆవిడ మాట వినకుండా పైకి లేచేది, అక్కణ్నుంచి ఇక ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండేది కాదు. అంకుల్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టే ఉండి, ఒక కన్ను తెరిచి ఆవిణ్ణి చూసేవారు.

అంకుల్ లోవర్ హట్‌లోనే జాయినరీ అనే ఒక చెక్కపని షాపులో కిచెన్ కప్‌బోర్డులు చేసేవారు. అసలు నేర్చుకున్న పని అది కాదు. పసిబిడ్డగా ఉన్నప్పుడే అమ్మానాన్నా పోతే, ఊరి గుడి ఫాదర్లే పెంచారట. కుర్రవాడి చేతిలో పనితనం ఉందని గోవా పంపారు. అక్కడ చర్చిల్లోకి కొయ్య స్వరూపాలు చెక్కే ఒక ముసలి మేస్త్రి దగ్గర చేరారు. ఒకే మనిషి మొత్తం బొమ్మ చెక్కడం ఆ పనిలో లేదు. ఒకరు దుంగని తెగ్గొట్టి ఒళ్ళు దింపుతారు. ఒకరు వీపు వైపు లోపలంతా తొలిచేస్తారు, లేకపోతే కట్టె ఆరేకొద్దీ ముందువైపు పగులుతుందట. ఒకరు బట్టలు చెక్కుతారు, ఒకరు రంగులేస్తారు. ముఖం మాత్రం మేస్త్రిది. అంకుల్ వంతుకి బట్టలు వచ్చాయి. మేస్త్రి కళ్ళు మసకేశాక బొమ్మల చేతులు చెక్కే పని కూడా ఆయనకే వదిలేశాడు. ముఖం ఇవ్వలేదు.

ఆ పనితనాన్ని బరోక్ అంటారని, మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట యూరప్ గుళ్ళనిండా అలాంటివే చెక్కారని, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో అది గోవాలో దిగిందని నేను నెట్‌లో చదివి చెప్పాను. అంకుల్ ఆ మాటని పట్టించుకోలేదు. ఆయన దాన్ని 'గాలి పని' అనేవారు. మా వైపు గాలి పని అంటే పనికిమాలిన పని అని నేను వెక్కిరిస్తే, "మీ వైపు గాలెక్కడ కొడుద్దిలే, ఎండ తప్ప" అనేవారు. గుడిలో గాలుండదు, స్వరూపానికి ఊపిరుండదు, అయినా బట్ట ఎగరాలి. అది ఎగిరితే చూసేవాడికి లోపల ప్రాణం ఉన్నట్టు తోస్తుంది. ఇదీ ఆయన నాకు చెప్పిన పాఠం. జర్మనీవీ స్పెయిన్‌వీ ఫోటోలు ఫోన్లో చూపిస్తే, గాజు కళ్ళనీ జారే కన్నీళ్ళనీ వేలితో పక్కకి నెట్టేసి, నేరుగా మోకాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేవారు.

"ఎవడో మహానుభావుడు! ఈ మడత చూడమ్మాయ్. కింద మోకాలుంది. మోకాలు చెక్కకుండానే ఉందని చెప్పాడు."

మడతల పిచ్చి ఆయన్ని ఎక్కడా వదిలేది కాదు. నా చున్నీ కుర్చీ మీద జారి పడి ఉంటే, "ఆగాగు, కదపమాక!" అని కేకేసి, చుట్టూ తిరిగి చూసి, అప్పుడు తీసుకోనిచ్చేవారు. శనివారాలు నాతో పాటు ట్రైనెక్కి ఊరికే వెల్లింగ్టన్ దాకా వచ్చేవారు, వానకోట్లు చూడటానికి. ఒకసారి ఎదురు సీట్లో కూర్చున్న కివీ ఆవిడ మోచేతిని ఎంతసేపు చూశారంటే, ఆవిడ ముఖం చిట్లించి "ఆర్ యూ ఓకే?" అంది. నేను సిగ్గుతో చచ్చి, ఆయనకి మీ కోటు నచ్చిందండీ అని సర్దిచెప్పాను. ఆవిడ వెంటనే చల్లబడి, అది ఏ ఆప్ షాపులో, అదే పాత బట్టల కొట్లో, దొరికిందో, ఎంత చవగ్గా వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఇంటికెళ్ళి చెబితే ఆంటీ పడీ పడీ నవ్వింది. "ఏందీ, ఎర్రకోటు కొనుక్కుంటావా ముసలోడా?" అని వారం రోజులు ఆడుకుంది. "మీ అంకులు జన్మంతా బట్టలు చెక్కాడే. ఒక్క చొక్కా మడత పెట్టమను చూద్దాం!"

పెరట్లో ఆంటీ చీరలు ఆరేసే తీగ ఉండేది. గాలి బాగా కొట్టే రోజున అంకుల్ టీ కప్పుతో దాని ఎదురుగా స్టూలేసుకుని కూర్చునేవారు. చీర గాలికి ఉబ్బి, చప్పున తిరగబడి, తనని తానే చుట్టుకుని, మళ్ళీ విప్పుకుంటుంటే, టీ చల్లారిపోయేది. "మా మేస్త్రి తడిగుడ్డ కట్టి విసనకర్రతో ఊపమనేవాడు. చేతులు పడిపొయ్యేయి. ఇక్కడ చూడు, దేవుడే ఊపుతున్నాడు" అనేవారు. ఆ గరాజులోని ముసుగంతా ఆ తీగ మీద చూసి చెక్కిందే.

ముఖం సంగతికొస్తాను. వెల్లింగ్టన్ చుట్టుపక్కల ఉన్న తెలుగు క్యాథలిక్కులంతా ఒక గ్రూపుగా చేరి నెలకోసారి అక్కడి గుడిలో తెలుగు పూజ పెట్టించుకుంటారు. సెప్టెంబరులో వ్యాకుల మాత పండగ. కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లి కదా, దుఃఖంలో ఉన్నవాళ్ళంతా ఆ తల్లికి మొక్కుకుంటారు. ఆ పండగకి అంకుల్ చేతి స్వరూపం కావాలని అందరూ అడిగారు. ఆయన ఒప్పుకున్నారు. కూల్చేసిన పాత ఇంటి తాలూకు కౌరీ అనే ఇక్కడి చెట్టు దూలాలు తెచ్చి, అతికించి, మొదలుపెట్టారు. ఒళ్ళయింది, బట్టలయ్యాయి, చేతులయ్యాయి. పండగ వచ్చి పోయింది. ఇంకో పండగ కూడా వచ్చి పోయింది. గ్రూపు పెద్దాయన ఎప్పుడడిగినా అంకుల్‌ది ఒకటే జవాబు, "కట్టె ఇంకా ఆరలేదు." తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికి ఒకడు. మన తాతలు పుట్టకముందు కొట్టిన చెట్టు, తరాల తరబడి ఇంటికప్పు మోసిన దూలం, అది ఇంకా ఆరలేదట!

నేనొక శనివారం ట్రైన్లో నిలదీశాను. "అంకుల్, నాకు మాత్రం నిజం చెప్పండి. ముఖం రాదా మీకు?"

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు తిరిగారు. "వచ్చో రాదో నాకే తెలవదమ్మాయ్. నేనెప్పుడూ పూర్తిగా చెక్కలా" అన్నారు.

గోవాలో ఉన్నప్పుడు ఆయన మేస్త్రిని అడిగారట, నాకూ ముఖం నేర్పండి అని. ముఖం చెక్కే ఉలిని మేస్త్రి తన చేత్తో ఇస్తేనే శిష్యుడు ముట్టుకోవాలి, అది వాళ్ళ కట్టుబాటు. మేస్త్రి ఈయన్ని ఎగాదిగా చూసి, "నీవాళ్ళల్లో ఒకర్ని మట్టిలో పెట్టి రా. అప్పుడిస్తా" అన్నాడట.

"అప్పుడు నాకెవరున్నారమ్మా పోడానికి? అమ్మానాన్నల మొహాలే ఎరగను. వాళ్ళని పోగొట్టుకున్నానని కూడా అనలేను, అసలు దొరికితే గదా. ఉలి ఇయ్యలా. మా ఊరొచ్చేశా. గుళ్ళవాళ్ళు స్వరూపాలు అడుగుతారు, మొహం లేకుండా ఎవడు కొంటాడు? కుర్చీలు, మంచాలు చేసుకున్నా. దుబాయ్ పోయా. అక్కడుండగా మేస్త్రి పోయాడని తెలిసింది. ఆయన కూడా నావాడే గదా, ఇప్పుడు నాకు అర్హత వచ్చిందనుకుని, ప్యాకింగ్ పెట్టె చెక్క మీద ఉలి పెట్టా. కళ్ళకాడ ఆగిపోయింది చెయ్యి. ఎందుకో తెలుసా? మేస్త్రి పోయాడని కాదు నేనేడ్చింది, ఇక నాకు ముఖం ఎవరిస్తారా అని. అది దుఃఖమా? స్వార్థం."

"మరిప్పుడు?"

"ఇప్పుడు నాకుంది ఇద్దరే. మీ ఆంటీ, మా పిల్ల." ఆయన తల అడ్డంగా ఆడించారు. "రాకపోతే రాకపోయిందిలే ముఖం. వద్దు."

అప్పటిదాకా అంకుల్ బద్ధకస్తుడని నేననుకున్నాను, అందరూ అదే అనుకున్నారు. ఆ రోజు నాకర్థమైంది ఆయన గరాజులోకి వెళ్ళినప్పుడల్లా ఏం చేస్తున్నారో. చెక్కాలని ప్రాణం కొట్టుకుంటుంది. చెక్కగలిగే రోజు రాకూడదని దేవుణ్ణి వేడుకుంటారు. రెండూ ఒకే మనిషి, ఒకే నోటితో.

ఆంటీకి ఈ సంగతంతా తెలుసు. తెలిసి కూడా ఊరుకునే రకమా? ఒక ఆదివారం పూజయ్యాక పదిమంది ఇంటికొచ్చారు. పులిహోర తింటూ గ్రూపు పెద్దాయన మళ్ళీ మొదలుపెట్టాడు, "అన్నా, ఈ ఏడాదైనా దర్శనం ఉందా?" అని.

ఆంటీ అందుకుంది. "నేను పోతేగానీ ఆ బొమ్మ పూర్తి కాదన్నయ్యా. నేను పొయ్యేదాకా ఆగండి."

అందరూ నవ్వారు. అంకుల్ చేతిలో ఉన్న ప్లేటు ఠప్పున బల్ల మీద పెట్టారు. మెతుకులు ఎగిరిపడ్డాయి. "నోరుముయ్!" అన్నారు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో ఆయన గొంతు అంత పైకి లేవడం అదొక్కసారే విన్నాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆంటీ లేచి వెళ్ళి, ఆయన పక్కన కూర్చుని, మెతుకులు ఏరుతూ, "సర్లే, పోన్లే. నేనెక్కడికి పోతా? నువ్వు చొక్కా మడత పెట్టడం నేర్చుకునేదాకా పోను" అంది. ఆయన నవ్వలేదు. ఆవిడే నవ్వింది.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, వెల్లింగ్టన్‌కి అటుపక్క జాన్సన్‌విల్‌లో ఇల్లు తీసుకున్నాం. రాకపోకలు నెలకో రెండు నెలలకో అయ్యాయి. ఆ మధ్యలో ఆంటీకి కడుపునొప్పి అన్నారు. స్కాన్లన్నారు. ఆకులు రాలే రోజుల్లో హాస్పిటల్‌కి వెళ్ళిన మనిషి, చలి ముదరకముందే పోయింది. హాస్పిటల్ మంచం మీద కూడా నర్సు తన పేరు పలికే తీరుకి నవ్వింది. సమాధి దగ్గర గాలి ఎంత విసురుగా ఉందంటే, ఫాదర్ గారి అంగీ ఎగిరి ఆయన ముఖాన్నే కప్పేసింది. అంకుల్ తలెత్తి చూడలేదు. నాకది తట్టుకోలేనంత బాధనిపించింది.

గ్రూపులో వాళ్ళు మంచివాళ్ళే, కాదనను. కూరలు తెచ్చారు, లాన్ కోశారు. కానీ వాళ్ళకేం తెలుసు పాపం. "అన్నా, ఊరికే కూర్చుంటే మనసు పాడవుద్ది, ఆ స్వరూపం ముగించు" అనేవాళ్ళు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు రెండు భయాలు. మొదలుపెడతారేమోనని ఒక భయం, మొదలుపెట్టరేమోనని ఇంకో భయం. ఆంటీనే పోయాక ఆ ముఖం రాకపోతే ఎంత అన్యాయం! వస్తే మటుకు ఎంత అన్యాయం!

ఒక శనివారం పప్పుచారు పట్టుకెళ్ళాను. అంకుల్ పెరట్లో ఉన్నారు. తీగ మీద ఆంటీ నీలం చీర ఉంది. ఉతికి ఆరేసిందే, కానీ కట్టేవాళ్ళెవరు? ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. టీ కూడా లేదు.

"ఎన్నోసారి ఉతికారు అంకుల్ దాన్ని?"

"రంగు పోతంది గదా అమ్మాయ్" అన్నారు, అదే జవాబన్నట్టు. కాసేపటికి మళ్ళీ, "చీరొస్తంది. ఎగిరిద్ది, ఉబ్బుద్ది, అంతా వస్తంది. మనిషి రాట్లా" అన్నారు. నేను ఆయన భుజం పట్టుకుని ఏడ్చేశాను. ఓదార్చడానికి వెళ్ళినదాన్ని నేను, ఓదార్చింది ఆయన.

పండగ ఇంకా వారం ఉందనగా ఫోను చేశారు. "ఫాదర్ గారు వస్తానన్నారు చూడ్డానికి. నువ్వూ రా" అన్నారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. నేను కారు ఎలా నడిపానో నాకే తెలియదు.

గరాజు షట్టరు పైకెత్తి ఉంది, పగటి వెలుతురు నేరుగా లోపలికి పడుతోంది. ఫాదర్ గారు మన తెలుగాయనే, చిన్నవయసు, మంచిమనిషి. ఆయన అప్పటికే వచ్చి, స్వరూపం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను చూశాను. ముఖం ఉంది. రంగు లేదు, ఒట్టి చెక్క. పోలికలు ఆంటీవి కావు, ముక్కు వేరు, నుదురు వేరు. కానీ పెదాలు బిగబట్టి ఉన్నాయి, ఎడమ పక్క కొస మాట వినకుండా లేచింది. ఇంకొక్క క్షణం ఆగితే పగలబడి నవ్వేస్తుంది.

ఫాదర్ గారు నెమ్మదిగా అన్నారు, "పెద్దాయనా, పని అద్భుతంగా ఉంది. కానీ ఈమె వ్యాకుల మాత కదా. కొడుకు చచ్చిపోయి ఉన్నాడు. ఈమె నవ్వుతోందేంటి?"

"ఏడుపంతా నా దగ్గరే ఉంచుకున్నా ఫాదర్" అన్నారు అంకుల్. "ఆమెకి ఇయ్యబుద్ధి కాలా."

ఫాదర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వెళ్ళేటప్పుడు, "ఆదివారం వ్యాన్ పంపిస్తాను, జాగ్రత్తగా ఎక్కించండి" అన్నారు. ఆ స్వరూపం ఇప్పటికీ ఆ గుడిలోనే ఉంది, కష్టంలో ఉన్నవాళ్ళు దాని ముందు కూర్చుని వెళుతుంటారు.

ఫాదర్ గారి కారు మలుపు తిరిగాక నేనూ అంకుల్ మిగిలాం. ఆయన చేతులకి ఇంకా పొట్టు అంటుకుని ఉంది.

"ఎట్టుందమ్మాయ్? మా మేస్త్రి ఒప్పుకునేవాడంటావా?"

"మీ మేస్త్రి సంగతి నాకు తెలీదు అంకుల్. ఆంటీ చూసుంటే మాత్రం ఇల్లెగిరిపోయేలా నవ్వేది" అన్నాను. సంతోషపెడదామనే అన్నాను.

ఆయన ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయారు. చూస్తూ చూస్తూ, ఉన్నచోటే నేల మీద పొట్టులో కూర్చుండిపోయారు.

"ఏడ్చే మొహం అనుకున్నానమ్మా ఇన్నేళ్ళూ. ఏడుపు తెలిస్తేనే వచ్చుద్దన్నాడు గదా ఆయన, నమ్మా. వచ్చింది చూస్తే ఇది." వేలెత్తి ఆ పెదాల కొసని చూపించారు. "ఈ నవ్వు చెక్కడానికి ఆమె పోనక్కర్లా గదమ్మా. రోజూ ఎదురుగానే ఉండె. నేనే అటు ఉలి పెట్టలా. అప్పుడే చెక్కుంటే చూసుకునేది గదా."

నేను ఆయన పక్కనే కింద కూర్చున్నాను.